డిజైన్ చెదరకుండా వార్తలు మారాలంటే

ప్రశ్న: మా పత్రిక సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది. పోస్టు పెట్టే ప్రతివారూ రంగులు, అక్షరాల సైజులు మార్చేస్తున్నారు. అన్నీ బిగించేస్తే ప్రత్యేక పేజీలు చప్పగా తయారవుతాయేమో?

జవాబు: అన్నీ బిగించక్కర్లేదు. మీది బ్లాక్ థీమ్ (పేజీ అంతా బ్లాకులనే ముక్కలతో కట్టే డిజైన్) అయితే, దాని సెట్టింగులుండే థీమ్.జేసన్ (theme.json) ఫైలులో కలర్ కింద ‘కస్టమ్’, టైపోగ్రఫీ కింద ‘కస్టమ్ ఫాంట్ సైజ్’ ఫాల్స్ (వద్దు) చేయండి, అప్పుడు ఎవరికివారు సొంత రంగులు, సైజులు ఎంచుకోలేరు. ‘డిఫాల్ట్ పాలెట్’ కూడా ఆపండి, లేకుంటే వర్డ్‌ప్రెస్ సొంత రంగులు మెనూలో మిగిలిపోతాయి. పాత పోస్టుల్లో వేసిన రంగులు మాత్రం వాటంతట అవి పోవు, చేత్తో తీయాల్సిందే.

రోజువారీ వార్తల ప్యాటర్న్‌లో (ముందే అమర్చిపెట్టుకున్న బ్లాకుల నమూనాలో) మిగతావన్నీ లోపల ఉండే బయటి గ్రూప్ బ్లాక్‌కు టెంప్లేట్ లాక్ ‘కంటెంట్ ఓన్లీ’ ఇవ్వండి. రాత, బొమ్మ మారతాయి, అమరిక కదలదు. పండగ పేజీలకు లాక్ లేని టెంప్లేట్ ఉంచుకోండి.

అసలు చిక్కు శీర్షికలతో. రెండు మాటల నమూనా శీర్షికతో సరిచూసిన వార్త కార్డు (ఒక్కో వార్త కనిపించే పెట్టె) మూడు వరుసల శీర్షిక రాగానే పొంగిపోతుంది. కార్డుకు స్థిరమైన ఎత్తు పెట్టకండి. లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరాల సైజుకు 1.6 రెట్ల దగ్గర ఉంచండి, తగ్గిస్తే వత్తులు కింది వరుసకు తగులుతాయి.