షటిల్‌కి రెక్కలుండేవి, గగన్‌యాన్‌కి ఎందుకు లేవు?

"నాసా స్పేస్ షటిల్ విమానంలా రన్‌వే మీద దిగేది. మనుషుల్ని పంపడానికి ఇస్రో చేస్తున్న గగన్‌యాన్ మాత్రం బోర్లించిన గిన్నెలా ఉంది, పారాచూట్ కట్టుకుని సముద్రంలో పడుతుంది. ఇది వెనక్కి వెళ్ళడం కాదా?" అని మీలో ఒకరు అడిగారు.

చిన్నప్పుడు నేనూ మీ పార్టీయే. ఏడో తరగతిలో సైన్స్ ఫెయిర్‌కి థర్మోకోల్ షటిల్ చేశాను. రెక్క ఊడిపోతోందని చెప్పులకి వేసే గమ్ రాస్తే, థర్మోకోల్ కరిగి బొక్క పడింది. తెల్లకాగితం అంటించి నెట్టుకొచ్చాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే, 2003 ఫిబ్రవరి 1న, శనివారం సాయంత్రం టీవీ పెడితే కొలంబియా షటిల్ ముక్కలై నిప్పుగీతల్లా రాలుతోంది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు.

కారణం కూడా థర్మోకోల్ లాంటిదే. పైకి లేచిన 82 సెకన్లకి ఇంధనం ట్యాంకు మీది నురుగు పెచ్చు ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకి కొట్టుకుంది. బరువు కిలో కూడా లేదు. ఇంత తేలికది తగిలితే ఏమవుతుందిలే అన్నవాళ్ళు నాసాలోనే ఉన్నారు. ఆ జూలైలో అలాంటి ముక్కనే అసలు రెక్క పలక మీదికి పేల్చి చూస్తే అడుగుకి పైగా బొక్క పడింది.

షటిల్‌ని ట్యాంకు పక్కన కట్టేవారు. పైనుంచి ఏది ఊడినా దాని మీదే పడాలి. గగన్‌యాన్ లాంటి గిన్నె ఆకారపు క్యాప్సూల్ అయితే రాకెట్ నెత్తిన కూర్చుంటుంది. దాని వేడికవచం కూడా కింద సర్వీస్ మాడ్యూల్ (ఇంజిన్, ఇంధనం ఉండే భాగం) చాటున ఉండి, తిరుగు ప్రయాణంలోనే బయటపడుతుంది. పైగా ఆ రెక్కలు పనికొచ్చేది ఆఖరి గంటలో. మిగతా దారంతా మోతబరువే.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే అసలుది: తప్పించుకునే దారి. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ టీవీ-డీ1 పరీక్ష (మనుషులు లేకుండా, తప్పించుకునే ఏర్పాటుని పరీక్షించడం) చూడ్డానికి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట షార్ గ్యాలరీకి వెళ్ళాను. ఎనిమిదింటిది ఎనిమిదీ ముప్పావు అయింది. కౌంట్‌డౌన్ అయిదు సెకన్ల దగ్గర ఆగిపోయింది. పక్కనున్న పెద్దాయన "ఇంకేముంది బాబూ, టిఫిన్ అన్నా చేద్దాం" అని లేచాడు. పదింటికి ఎగిరింది! దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తులో ఎస్కేప్ మోటార్లు క్యాప్సూల్‌ని రాకెట్ నుంచి లాక్కుని పోయాయి. అదంతా చూసింది పెద్ద తెరమీదే అనుకోండి, కంటికి మబ్బు తప్ప ఏమీ ఆనలేదు. సముద్రంలో దిగాక క్యాప్సూల్ తలకిందులైంది కూడా. నేవీ వాళ్ళు తీసుకొచ్చారు. ఇలాంటి తంటాలు క్యాప్సూల్‌కి ఉన్నాయి.

అయినా 2018 అక్టోబర్‌లో రష్యా వాళ్ళ సోయుజ్ రాకెట్ మధ్యలో చెడిపోతే, క్యాప్సూల్ విడిపోయి లోపలి ఇద్దరూ క్షేమంగా నేలకి దిగారు. అయిదు నెలలకి ఆ ఇద్దరే మళ్ళీ సోయుజ్ ఎక్కి అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. 1986లో పేలిపోయిన ఛాలెంజర్ షటిల్ వాళ్ళకి ఆ దారే లేదు.

అలాగని క్యాప్సూల్ దేవుడేం కాదు. 1967లో, 1971లో సోయుజ్‌లలో నలుగురు చనిపోయారు. 2008లో ఒక సోయుజ్ దారి తప్పి నిటారుగా దిగినప్పుడు లోపలివాళ్ళు తమ బరువుకి ఎనిమిది రెట్లు మోశారు. షటిల్‌లో దిగేటప్పుడు రెండు రెట్లు కూడా ఉండేది కాదు. అలసిన ఒంటికి అది పెద్ద తేడానే.

"మరి మన గుంటూరు అమ్మాయి శిరీష బండ్ల 2021లో రెక్కలున్నదాంట్లోనే వెళ్ళిందిగా?" అని కామెంట్ వస్తుందని తెలుసు. వెళ్ళింది, కానీ కక్ష్యలోకి కాదు. దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకెళ్ళి వెంటనే దిగింది. ధ్వనికి మూడు రెట్ల వేగంలో రెక్క తట్టుకుంటుంది. కక్ష్యనుంచి దిగేటప్పుడది ఇరవై అయిదు రెట్లు.

ఇస్రో రెక్కల్ని వదిలెయ్యలేదు కూడా. చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి జారవిడిచిన పుష్పక్ అనే రెక్కల వాహనం తనంతట తానే రన్‌వే మీద దిగింది. లోపల మనుషులెవరూ లేరు, ఇప్పటికి నాకు అదే సరిగ్గా అనిపిస్తోంది.