మామ్మ రీల్ పాకిపోయింది, ఇప్పుడు ఆమె ముందు కూర్చోలేకపోతున్నాను

ప్రశ్న: మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ప్లస్ టూ రెండో సంవత్సరం, పదిహేడేళ్లు. మామ్మ ముగ్గెయ్యడం, నాన్న కొట్టు తెరవడం, సాయంత్రం మహేంద్రతనయ ఏటి గట్టు... రోజూ జరిగేవే రీల్స్ చేస్తుంటాను. మామ్మ తెలుగులో ఒడియా కలిపి నన్ను కసిరిన రీల్ ఎక్కడెక్కడికో పాకిపోయింది. కింద కొందరు ఆమె భాషను, ఊడిన పళ్లను వెక్కిరించారు. ఆమెకి ఇదేమీ తెలీదు. పక్కన కూర్చోవాలంటే సిగ్గేస్తోంది, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. ఇంట్లో ఏం జరిగినా ముందు ఫోనే చేతిలోకొస్తోంది. అన్నీ డిలీట్ చేసేయనా?

జవాబు: అమ్మా, ఆ రీల్‌ని ఇప్పుడే ఆర్కైవ్‌లో పెట్టెయ్. నీకు తప్ప ఎవరికీ కనిపించదు, కొత్త వెక్కిరింతలు ఆగుతాయి. డిలీట్ మాత్రం మామ్మతో మాట్లాడాకే. ఆమెకి చెప్పకుండా పెట్టావు. చెప్పకుండానే తీసేస్తే రెండుసార్లూ ఆమెను అడగనట్టే. ఎవరో దించుకుని పంచుకున్న కాపీలు నువ్వు తీసినా పోవు కూడా. రేపు ఏ పెళ్లిలోనో పాతపట్నం చుట్టాలు ఫోన్ తీసి చూపిస్తే, ఆమెకి అప్పుడా తెలియడం?

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగినప్పుడు కూర్చో. ముందు రీల్ చూపించు. ముక్కూ మొహం తెలీనివాళ్లు కూడా దీన్ని చూశారని చెప్పు. కొందరు నవ్వారని, కొందరు వెక్కిరించారని చెప్పు. ప్రతి మాటా చదివి వినిపించక్కర్లేదు కానీ, వెక్కిరింత సంగతి దాచకు. "ఫోటో తీయనా మామ్మా" అంటే "తియ్యవే" అనేసే పెద్దావిడ మనసులో ఉండేది ఇంట్లో గోడకు తగిలించే ఫోటో. అది ఎందరి చేతుల్లోకి వెళ్తుందో తెలిశాక ఇచ్చే ఒప్పుకోలే ఒప్పుకోలు. ఆమె కోప్పడొచ్చు, పగలబడి నవ్వొచ్చు, ఉంచెయ్యమనీ అనొచ్చు. ఏమన్నా ఆమె మాటే చెల్లాలి. ఉంచమంటే కామెంట్లు మూసేసి ఉంచు.

నీ వయసువాళ్ల గురించి చట్టం ఏమంటోందో చూడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిది నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కేసింది. కంపెనీలు నీ వివరాలు వాడుకోవాలంటే మీ అమ్మనో నాన్ననో అడగాలని రాసింది. నీ విషయంలో అంత జాగ్రత్త న్యాయమైతే మామ్మ మొహానికీ, గొంతుకీ అదే న్యాయం.

ఆమె భాష మీద రాసినవాళ్ల మాటకు నువ్వు తలదించుకోవద్దు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. రెండు భాషల మధ్య బతికినవాళ్ల నోట రెండూ కలిసే వస్తాయి. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఈ సంగతి కూడా మామ్మకి చెప్పు, సంతోషిస్తుంది.

ఇక ఫోన్ చేతిలోకి రావడం. పుట్టి పెరిగిన ఇల్లు పదిహేడేళ్లకి కొత్తగా కనబడటం మంచిదే. చాలామందికి ఊరు వదిలాక గానీ ఆ చూపు రాదు, నీకు ముందే వచ్చింది. కానీ మామ్మ ముగ్గేస్తుంటే నీ ధ్యాసంతా వెలుతురు ఎటు పడుతోందన్న దాని మీదే ఉంటే, ఆ పొద్దు నీకు దక్కట్లేదు. ముగ్గు వేళ ఫోన్ లోపల పెట్టేసి నువ్వూ పిండి పట్టుకో. చుక్కలు ఎలా లెక్కపెడుతుందో, ఎక్కడ తడబడుతుందో, ఏ చుక్క దగ్గర ఎవరి మీద విసుక్కుంటుందో నోట్‌బుక్‌లో రాసుకో. ఆమె చిన్నప్పటి ముగ్గులు అడుగు. అందులో నీకు నచ్చినదేదైనా నలుగురికీ చూపాలనిపిస్తే అప్పుడు అడిగి తియ్యి. నాన్న కొట్టు సంగతీ అంతే, వచ్చినవాళ్ల మొహాలు పడకుండా చూసుకో.

మామ్మతో మాట్లాడాక కూడా నిద్ర పట్టకపోతే అమ్మకి చెప్పు. 14416కి ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్లు మాట్లాడుకోవడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు తీసుకోరు, రాత్రయినా పలుకుతారు. నీకు హాయిగా ఉన్న భాషలోనే మాట్లాడు.