పాయింట్ల పట్టికా, ఎలో రేటింగా?

ప్రశ్న: నేను గణాంకశాస్త్రం చదువుతున్నాను. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య వల్ల ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ చూడడం అలవాటైంది. పట్టికలోని ‘శాతం’ ఒక జట్టును పైన చూపిస్తే, ఎలో రేటింగు ఇంకో జట్టును చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: చేసిన పాయింట్లను ఎదుటివారికి ఇచ్చిన పాయింట్లతో భాగించి నూటితో గుణిస్తే వచ్చేదే మీరు చెప్పిన శాతం. మన క్రికెట్ నెట్ రన్‌రేట్ లాగానే ఇది కూడా ఎదుటి జట్టు బలమెంతో చూడదు. 18 జట్ల లీగులో ఒక్కొక్క జట్టుకు 23 మ్యాచ్‌లు కాబట్టి, 17 జట్లతోనూ ఒకసారి ఆడాక మిగిలే ఆరింటిలో ఎవరితో రెండోసారి తలపడ్డారన్నది ఆ అంకెను తేలికగా అటూ ఇటూ చేస్తుంది.

ఈ లోపాన్ని ఎలో పద్ధతి సరిచేస్తుంది. అర్పాద్ ఎలో చదరంగం కోసం రూపొందించిన ఈ లెక్కలో 100 రేటింగు ఎక్కువున్నవారికి సుమారు 64 శాతం గెలుపు అవకాశం ఉంటుంది. ప్రతి మ్యాచ్ తర్వాతా రేటింగు మారుతుంది; బలహీనుడు బలవంతుణ్ణి ఓడిస్తే ఎక్కువ లాభపడతాడు. ఫుట్‌బాల్‌కు వాడేటప్పుడు చాలామంది గెలుపు తేడానూ కలుపుతారు. మీరు చదువుకున్న కనిష్ఠ వర్గాల పద్ధతి (లీస్ట్ స్క్వేర్స్: అంచనాకూ ఫలితానికీ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేసేది) మాత్రం సీజన్ మొత్తాన్ని ఒకేసారి సమీకరణాలుగా సాధిస్తుంది. కొత్త మ్యాచ్‌లకు విడిగా ఎక్కువ బరువు ఇవ్వకపోతే దాని దృష్టిలో మొదటి వారమూ చివరి వారమూ ఒకటే.

అసలు చిక్కు గెలుపు తేడాలోనే ఉంది. గోలుకు ఆరు పాయింట్లు, గురి కొద్దిగా తప్పిన ‘బిహైండ్’కు ఒకటి. 2008 ఫైనల్ చూడండి. లీగు దశ 22 మ్యాచ్‌లలో ఒక్కటే ఓడిన జీలాంగ్, ఆ రోజు 11 గోల్స్, 23 బిహైండ్‌లతో 89 దగ్గర ఆగిపోయింది. హాథార్న్ 18 గోల్స్, 7 బిహైండ్‌లతో 115 చేసి కప్పు ఎత్తుకుపోయింది. తేడాను నమ్మే రేటింగు హాథార్న్ 26 పాయింట్లు మెరుగంటుంది; గోల్స్‌నూ బిహైండ్‌లనూ కలిపి అవకాశాలుగా లెక్కించే రేటింగుకు జీలాంగ్ 34, హాథార్న్ 25. గురి కుదరడంలో అదృష్టం పాలు ఎక్కువ కనుక, రెండోదే మున్ముందుకు పనికొస్తుందని నా అభిప్రాయం. అయితే ఆ 23లో కొన్ని, ఒత్తిడిలో హాథార్న్ ఆటగాళ్లే గోలు పడకుండా కావాలని బంతిని తమ గీత దాటించి సమర్పించుకున్నవి! ఆ ఎత్తుగడ అంతగా చర్చకు వచ్చింది కాబట్టే 2009 నుంచి దానికి ఫ్రీ కిక్ శిక్ష పెట్టారు. అవకాశాల లెక్క కూడా మోసపోతుందన్నమాట.

సొంత మైదానం సంగతి మనకు కొత్త కాదు. ఢిల్లీ ఐపీఎల్ జట్టు మన మధురవాడలో ‘సొంత’ మ్యాచ్ ఆడడం చూశాం కదా. మెల్‌బోర్న్ జట్లు రెండు ఒకే ఎం.సి.జి.లో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో) తలపడితే పేరుకే ఒకటి ఆతిథేయి. పెర్త్ నుంచి సుమారు 2,700 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన జట్టు ఎదురైతే కథ వేరు. సొంత మైదానం పేరిట అందరికీ ఒకే అంకె కలిపే రేటింగును నేను అనుమానంగానే చూస్తాను.

ఇక నమ్మకం మాట. ఎన్ని మ్యాచ్‌లు సరిగా చెప్పిందన్నది మోటు కొలత. మోనాష్ విశ్వవిద్యాలయం నడిపే ఫుట్‌బాల్ ఫలితాల అంచనా పోటీలో వాడే కొలత చూడండి: మీరు గెలుస్తుందన్న జట్టు గెలిస్తే, దానికి మీరిచ్చిన సంభావ్యతకు 2 ఆధారంగా లాగరిథం తీసి ఒకటి కలుపుతారు, ఓడితే మిగిలిన సంభావ్యతతో అదే లెక్క. 80 శాతమని చెప్పి నెగ్గితే 0.68 వస్తుంది, తప్పితే 1.32 పోతుంది, సగం సగం అంటే సున్నా. ప్రతి మ్యాచ్‌కు ముందే ఎలో చెప్పిన సంభావ్యతనూ, శాతం నుంచి మీరు కట్టిన సంభావ్యతనూ పుస్తకంలో రాసుకోండి. సీజన్‌లో ఫైనల్స్ కాక 207 మ్యాచ్‌లుంటాయి. మొత్తాలలో తేడా ఒకటి రెండు దగ్గరే ఆగితే, అన్నయ్యతో పందెం ఇంకో సీజన్‌కు వాయిదా వేయండి.