గుర్రం ఎంత దూరం దూకింది?

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి రైల్లో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఉద్యోగానికని ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ వెళ్లినదానివి కథకి ఆ జిల్లా దొంగనే పట్టుకున్నావు, సంతోషం. బయటివాళ్లకి ఇంగ్లండ్ దొంగ అంటే రాబిన్ హుడ్ ఒక్కడే. నీ దొంగ హంఫ్రీ కినాస్టన్ పేరు నేనైనా ఎవరి నోటా పెద్దగా వినలేదు.

గొడవల్లా ఏమిటంటే, ఇతన్నీ రాబిన్ హుడ్‌ని చేసేశావు. మొదటి పేజీ నుంచే పేదల పాలిట దేవుడు. చర్చ్ స్ట్రెటన్‌లో జాన్ హ్యూజ్ అనే మనిషిని చంపినందుకు 1491లో అతన్ని చట్టం నుంచి వెలివేశారు. నీ కథలో ఆ హత్యకి దక్కింది ఒక్క వాక్యం, అదీ 'ఏదో గొడవలో' అంటూ. హ్యూజ్‌కీ ఇల్లూ వాకిలీ ఉండే ఉంటాయి కదా! తప్పు పట్టడం లేదులే, నీ వయసులో నేనూ దొంగలందరికీ వెన్నలాంటి మనసే పెట్టేవాణ్ణి.

ఇక నువ్వు ఆరు పేజీలు రాసిన ఆ గుర్రం దూకడం. షెరీఫ్ మనుషులు మాంట్‌ఫర్డ్ వంతెన పలకలు పీకేయడం, గుర్రం ఆ ఖాళీ మీంచి ఎగిరిపోవడం. బాగానే ఉంది, సినిమాలా ఉంది. ఇదే సంగతి రిచర్డ్ గఫ్ ఎలా చెప్పాడో చూడు. కినాస్టన్ కోట ఉన్న మిడిల్ అనే ఊరి ప్రాంతం వాడే. 1700 ప్రాంతంలో, పెద్ద వయసులో, చర్చిలో ఏ బెంచీ ఏ ఇంటివాళ్లదో ఆ వరసలో ఊరందరి సంగతులూ రాసిపెట్టాడు. దూకడాన్ని నాలుగు మాటల్లో తేల్చేశాడు. నెమ్మదించింది ఆ తర్వాతే. అది ఎంత దూరమో నాకిన్ హీత్ అనే బీడులో, దారి పక్క పచ్చికలో గుర్తు పెట్టారట. ఒక కొసన 'హెచ్', ఇంకో కొసన 'కె'. ఒక్కో అక్షరం గజం పైచిలుకు పొడవు, పార వెడల్పు, పార లోతు. రైటన్‌లో ఉండే ఒక కినాస్టన్ వాటిని ఏటేటా బాగు చేయించేవాడట. ఆఖరున గఫ్ ఒప్పేసుకుంటాడు: అక్షరాలు చూశాను గానీ మధ్య దూరం కొలవలేదు అని.

ఎంత నిజాయితీ! ఆ మాట చదివాక గుర్రం దూకిందని నమ్మబుద్ధేస్తుంది నాకు.

ఇంకో సంగతి. గఫ్ లెక్కలో కినాస్టన్ వెలి అయింది అప్పుల వల్ల. హత్య ఊసే లేదు. 1493లో రాజు క్షమించేశాడు, రెండు వందల ఏళ్లలో ఊరూ మరిచిపోయింది. హత్య అప్పుగా ఎప్పుడు మారింది, ఎవరి నోట్లో మారింది? ఏ కాగితంలోనూ దొరకదు. అక్కడే నీకు పని ఉంది.

నేనైతే పార పట్టుకున్న మనిషితో మొదలుపెడతాను. వానలకి అక్షరాలు పూడిపోయాయి. రైటన్ దొరగారు కూలి ఇచ్చి పంపించారు. పార ఒక జానెడు అవతల పడిందనుకో, ఆ ఏడాది గుర్రం జానెడు ఎక్కువ దూకినట్టే. అతను తెలిసి తవ్వాడా, తెలియక తవ్వాడా? దారిన పోయే పిల్లవాడు ఆగి 'ఇక్కడెవర్ని పూడ్చారు?' అని అడిగితే ఏం చెప్తాడు? హ్యూజ్ పేరు అతనికి తెలుసా?

జాడ తెలియకుండా కినాస్టన్ గుర్రానికి లాడాలు తిరగేసి కొట్టించాడన్నది మాత్రం తీయకు, అది నాకిష్టం. అతను దాక్కున్న నెస్‌క్లిఫ్ గుహలో రెండు గదులనీ, ఒకటి గుర్రానికనీ రాశావు చూడు, అదీ ఉంచు. నువ్వు మెట్లెక్కి వెళ్లి చూసొచ్చినట్టు తెలుస్తోంది. 'ఉలిక్కిపడ్డాడు' తొమ్మిది చోట్ల ఉంది, ఎనిమిది కొట్టేయ్.

దసరా లోపు మళ్లీ పంపు. టెన్షన్ పడకు, ఈసారి పెన్సిల్ లేకుండానే చదువుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు