బొమ్మ లారీ ఎత్తు ఎక్కాలంటే

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వరుసగా రంధ్రాలున్న ప్లాస్టిక్ బీములు, గేర్లతో ఒక టిప్పర్ లారీ తయారు చేశాడు. గచ్చు మీద చక్కగా పరుగెడుతుంది. పీటకు అట్ట ఆనించి వాలు కడితే మాత్రం కటకటమని శబ్దం చేస్తూ ఆగిపోతుంది. ఇంకా బలమైన మోటారు కొనిపెట్టినా శబ్దం పెరిగిందే గాని లారీ ఎక్కలేదు. మోటారుకు 24 పళ్ళ గేరు, వెనుక చక్రాల ఇరుసుకు 8 పళ్ళ గేరు పెట్టానంటున్నాడు. లోపం ఎక్కడుంది?
ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు పళ్ళ లెక్క కూడా రాయడం వల్ల జవాబు మీ ఉత్తరంలోనే దొరికింది. మోటారు ఇరుసు మీద 24 పళ్ళు, చక్రాల ఇరుసు మీద 8 పళ్ళు ఉన్నప్పుడు మోటారు ఒక చుట్టు తిరిగేసరికి చక్రాలు మూడు చుట్లు తిరుగుతాయి. వేగం మూడింతలవుతుంది, తిప్పే బలం మూడో వంతుకు పడిపోతుంది. గచ్చు మీద బలంతో పెద్దగా పని లేదు కనుక లారీ అందంగా పరుగెత్తింది. వాలు మీద తన బరువును తానే పైకి లాక్కోవలసి వచ్చేసరికి నిలిచిపోయింది.

ఆ రెండు గేర్లను ఒకదాని చోట మరొకటి పెట్టించండి. మోటారుకు 8, చక్రాలకు 24 అయితే బలం మూడింతలవుతుంది. ఇప్పుడున్న అమరికతో పోలిస్తే, రాపిడిలో పోయేది పక్కన పెడితే, చక్రాలకు తొమ్మిది రెట్లు బలం అందుతుంది. వేగం మాత్రం తొమ్మిదో వంతే ఉంటుంది. పిల్లవాడు దానికి చిన్నబుచ్చుకుంటే, కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కే బస్సును డ్రైవరు ఏ గేరులో నడుపుతాడో ఒకసారి ముందు సీట్లో కూర్చోబెట్టి చూపించండి.

ఈ మార్పుకు ఇరుసులను కదపనక్కరలేదు. ఈ తరహా భాగాలలో పక్కపక్క రంధ్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. గేర్ల పళ్ళు ఒకదానితో ఒకటి కలిసే వలయం వ్యాసమేమో, మిల్లీమీటర్లలో, పళ్ళ సంఖ్యకు సమానం. అంటే 8 పళ్ళ గేరు వ్యాసార్ధం 4, 24 పళ్ళ గేరుది 12, రెండూ కలిపితే 16 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 8, 40 పళ్ళ జత మూడు రంధ్రాల దూరంలో, 12, 20 పళ్ళ జత రెండు రంధ్రాల దూరంలో కుదురుతాయి. 16, 24 పళ్ళ జతకు రెండున్నర రంధ్రాల దూరం కావాలి గనుక అది ఒకే బీము మీద కుదరదు. పళ్ళు కూడి, రెండుతో భాగించి, వచ్చినదాన్ని 8తో భాగించడం మీ అబ్బాయికి అలవాటైతే విడిభాగాల పెట్టె ముందు గంటల తరబడి తడుముకోవలసిన అవసరం ఉండదు.

ఇక ఆ కటకట శబ్దం సంగతి. అది మోటారు చేసే శబ్దం కాదు, గేరు పళ్ళు ఒకదాని మీద నుంచి ఒకటి జారి ఎగిరిపడే శబ్దం. బరువు మీద పడినప్పుడు కలిసి తిరిగే రెండు గేర్లు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఇరుసుకు ఒక పక్కనే ఆధారం ఉంటే అది వంగుతుంది, పళ్ళు విడిపోతాయి. మోటారు బలం పెంచితే ఆ నెట్టుడూ పెరుగుతుంది, అందుకే మీరు కొత్త మోటారు కొన్నాక శబ్దం పెరిగింది. దయచేసి ఇంకొక మోటారు కొనకండి. గేరుకు అటూ ఇటూ, వీలైనంత దగ్గరగా, రెండు బీములు ఉండేలా చూడమనండి. ఆ రెండు బీములు విడిపోకుండా వాటిని అడ్డంగా మరొక బీముతో, రాపిడి ఉండే నల్లపిన్నులతో బిగించాలి. నలుపలకల చట్రం పక్కకు ఒరిగిపోతుంటే కర్ణంగా ఒక బీము వేయాలి. 3, 4, 5 భుజాల లంబకోణ త్రిభుజం ఇక్కడ అక్కరకు వస్తుంది. అయితే లెక్కించవలసింది రంధ్రాలను కాదు, వాటి మధ్య ఖాళీలను. కనుక దానికి 4, 5, 6 రంధ్రాల బీములు కావాలి.

లారీ నిండా ఇసుక పోసి ఎక్కించాలని అతనికి కోరిక పుడితే మూడింతల బలం చాలకపోవచ్చు. అప్పుడు 8, 24 జతలను రెండు దశలుగా పెడితే తొమ్మిదింతలు వస్తుంది. ఆ దశలను వీలైనంతగా చక్రాల దగ్గరే పెట్టడం మంచిది. మోటారు దగ్గరే బలమంతా పెంచి, దాన్ని పొడవాటి ప్లాస్టిక్ ఇరుసు మీదుగా వెనక్కు పంపితే ఆ ఇరుసు మెలితిరుగుతుంది. అసలు లారీలో కూడా ఇంజను నుంచి వెనక్కు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు చక్రాలకన్నా వేగంగా తిరుగుతుంది. చివరి తగ్గింపు వెనుక ఇరుసు మధ్యనున్న ఉబ్బెత్తు పెట్టెలో జరుగుతుంది.

ప్రశ్న: నేను చేసిన కారుకు డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) అమర్చాను. ఒక వెనుక చక్రం కింద పుస్తకం పెట్టి రెండో చక్రాన్ని గాలిలో ఉంచితే గాలిలోని చక్రం గిర్రున తిరుగుతోంది, కారు కదలడం లేదు. భాగం పాడైందా? తీసేయమంటారా?
డిప్లొమా విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: భాగం బాగానే ఉంది, తన పనే అది చేస్తోంది. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇవ్వగలదు. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కరలేదు కనుక నేల మీదున్న చక్రానికీ అంత స్వల్పమైన బలమే అందుతుంది. వానాకాలం బురదలో ఒక చక్రం దిగబడిన లారీ కదలక నిలిచిపోవడానికి కారణం ఇదే.

అయినా వాహనాలకు అది ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతాను, ఇది నాకు ఎంతో ఇష్టమైన లెక్క. వెనుక చక్రాల మధ్య 2 మీటర్ల ఎడమున్న బస్సు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రంకన్నా సుమారు 12.6 మీటర్లు ఎక్కువ దూరం నడుస్తుంది. ఆ చుట్టు బెంజ్ సర్కిల్ అంత పెద్దదైనా, వాకిట్లో ముగ్గంత చిన్నదైనా ఆ తేడా మారదు, ఎందుకంటే అది చక్రాల ఎడం మీద ఆధారపడుతుంది గాని వృత్తం పరిమాణం మీద కాదు. చక్రాల ఎడం 16 రంధ్రాలు, అంటే 128 మిల్లీమీటర్లు ఉన్న బొమ్మ కారుకు ఆ తేడా దాదాపు 80 సెంటీమీటర్లు. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఆ తేడాను ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుంటూ భరించవలసిందే.

డిఫరెన్షియల్ పెట్టెను వేళ్ళతో కదలకుండా పట్టుకుని ఒక చక్రాన్ని ముందుకు తిప్పి చూడండి. రెండోది అంతే వెనక్కు తిరుగుతుంది. రెండు చక్రాల చుట్ల మొత్తం ఎప్పుడూ పెట్టె చుట్లకు రెట్టింపే. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా రాని స్పష్టత ఆ ఒక్క ప్రయోగంతో వస్తుందని నా నమ్మకం. ఆటోనగర్ మీకు దగ్గరే. వెనుక ఇరుసు విప్పిన లారీ కనబడితే మెకానిక్ అనుమతి తీసుకుని ఇదే పని అక్కడా చూడండి.

గచ్చు మీద మలుపులు తిరిగే కారుకు డిఫరెన్షియల్ ఉంచండి. రాళ్ళు, పుస్తకాలు ఎక్కించదలచిన బండికి దాన్ని తీసి నేరుగా ఇరుసు వేయండి. రెండూ కావాలంటే, పక్కకు జరిపే గేరుతో ఒక చక్రపు ఇరుసును పెట్టెకు జోడించే లాక్‌ను మీరే రూపొందించండి. డిప్లొమా విద్యార్థికి అది తగిన పని.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు లారీల పని చేశాను. మనవడితో కలిసి టిప్పర్ బొమ్మ కడుతున్నాను. పిడి తిప్పితే తొట్టి లేస్తోంది, వదిలితే పడిపోతోంది. తొట్టిని నిలబెట్టడం ఎలా?
విశ్రాంత ఫిట్టర్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: అయ్యా, మీ చేతులకు తెలియని సంగతి కాదిది. పాత లారీల స్టీరింగ్ బాక్సులో మీరు చూసిన వర్మ్ గేరే (స్క్రూలా మర చుట్టిన గేరు) ఇక్కడా కావాలి. పిడి ఇరుసుకు వర్మ్, తొట్టి ఇరుసుకు 24 పళ్ళ గేరు పెట్టండి. వర్మ్ ఒక చుట్టు తిరిగితే గేరు ఒక్క పన్నే జరుగుతుంది. కాబట్టి తొట్టి 60 డిగ్రీలు లేవడానికి పిడిని సరిగ్గా నాలుగు చుట్లు తిప్పాలి, మీ మనవడి చేత లెక్క పెట్టించండి. వర్మ్ మర వాలు చాలా తక్కువ, రాపిడి ఎక్కువ. అందువల్ల గేరు వైపు నుంచి ఎంత నెట్టినా వర్మ్ వెనక్కు తిరగదు, తొట్టి ఉన్నచోటే ఉంటుంది. ఆ రాపిడి వల్లనే మీరు పెట్టిన బలంలో చాలా భాగం వృథా అవుతుంది కనుక ఈ గేరును బండిని నడిపే చోట వాడకండి. వర్మ్ తన ఇరుసు మీద అటూ ఇటూ జరగకుండా రెండు కొసలా ఇరుసుకు బిగించే చిన్న గొట్టాల్లాంటి బుష్‌లతో ఆపడం మరవవద్దు. జాకీలాగా పొడవు పెరిగే లీనియర్ యాక్చుయేటర్‌ను లెగో సంస్థ తన టెక్నిక్ శ్రేణిలో 2008లో తెచ్చింది. అది చూడటానికి అసలు టిప్పర్‌లో తొట్టిని ఎత్తే హైడ్రాలిక్ జాకీకి దగ్గరగా ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం స్క్రూ మరే.

ప్రశ్న: వేర్వేరు కంపెనీల భాగాలు కలిపి వాడవచ్చా? దుమ్ము పట్టిన భాగాలను ఎలా కడగాలి?
ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: 8 మిల్లీమీటర్ల కొలత పాటించినవి కలుస్తాయి. బీములు, పలకలు ఏ కంపెనీవైనా సర్దుకోవచ్చు గాని ఇరుసులు, గేర్లు, పిన్నుల విషయంలో పొదుపు చూడవద్దని నా సలహా. బీము రంధ్రంలో ఇరుసు దూర్చి వేలితో ఒక్కసారి తిప్పండి. కాసేపు స్వేచ్ఛగా తిరిగితే మంచిది, గీసుకుంటూ ఆగితే దాన్ని అలంకారానికే ఉంచండి.

కడిగేముందు మోటార్లు, బ్యాటరీ పెట్టెలు విడదీయండి. 40 డిగ్రీలకు మించని నీటిలో కొద్దిగా సబ్బు వేసి మెత్తని బ్రష్‌తో రుద్దండి. మే నెలలో మన మేడ మీది ట్యాంకు నీళ్ళు అంతకన్నా వేడిగా వస్తాయి కనుక ఉదయాన్నే పట్టిన నీళ్ళు వాడండి. తరువాత ఎండలో పెట్టకుండా పాత పంచె మీద పరచి ఫ్యాను కింద ఆరనివ్వండి. గేర్ల మధ్య రంధ్రాలలో, పిన్నుల బోలులో తడి నిలుస్తుంది, వాటిని ఒక్కొక్కటిగా విదిలించి మరీ ఆరబెట్టండి.