ముక్క గట్టిగా ఉంటే మసాలాను తిట్టకండి

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ మాంసం, గుడ్ల మీదే వచ్చాయి. కూర సరిగా రాకపోతే చాలామంది ముందు మసాలాను అనుమానిస్తున్నారు, ఏ పొడి వాడమంటారు అని అడుగుతున్నారు. మీరు రాసినవి చదువుతుంటే నాకు మాత్రం తేడా మంట దగ్గర, వండే టైమ్ దగ్గర, ఇంకా ముందుకెళితే దుకాణంలో ముక్క ఎంచుకునే దగ్గర కనిపిస్తోంది. అందుకే ఈ నెల మసాలాల జోలికి వెళ్లడం లేదు.

అక్కా, ఆదివారం పొద్దున్నే వెళ్లి కళ్లముందే కోయించి మటన్ తెచ్చుకుంటాం. ఏడెనిమిది విజిల్స్ వచ్చినా ముక్క సాగుతూనే ఉంటుంది. చుట్టాలు వస్తున్నారంటే టెన్షన్. బొప్పాయి వేయమంటున్నారు, వేయొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

సగం కారణం ఆ కళ్లముందు కోయించడంలోనే ఉందమ్మా. మేకైనా పొట్టేలైనా కోసిన కొద్ది గంటల్లో కండ బిగుసుకుపోతుంది, ఆ బిగువు సడలడానికి ఒక రోజు దాకా పడుతుంది. ఏడింటికి కోయించి తొమ్మిదింటికి కుక్కర్ ఎక్కిస్తే ముక్క సరిగ్గా ఆ బిగుసుకునే సమయంలోనే పొయ్యి మీదికి వెళ్తుంది. శనివారం తెచ్చి, శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి, మూత పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. ఆదివారం వండితే తేడా మీకే తెలుస్తుంది. ఉప్పు ముందే పట్టి ఉంటే ముక్క లోపలి నీరు కూడా అంత తొందరగా బయటికి పోదు.

రెండోది, మీరు ఏ ముక్క తెస్తున్నారో రాయలేదు. జబ్బ, మెడ, కాలి పిక్క లాంటి చోట్ల, అంటే బతికున్నప్పుడు బాగా కదిలిన భాగాల్లో, కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం ఎక్కువ. అది నిదానంగా ఉడికితే కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క మెత్తబడేదీ పులుసు చిక్కబడేదీ దానివల్లే. నడుం దగ్గరి మాంసం, చాప్స్ అలా కాదు, అవి లేతవి, ఎక్కువసేపు ఉడికిస్తే పీచులా ఎండిపోతాయి. కొట్టులో అన్నీ కలిపి కొట్టి ఇచ్చేస్తే ఒకే కుక్కర్లో సగం ముక్కలు చితికిపోయి సగం గట్టిగా మిగులుతాయి. మొహమాటపడకుండా అడగండి, పులుసు కూరకి జబ్బ, మెడ, కాసిని మూలుగ ఎముకలు, వేపుడుకి లేత ముక్కలు అని. తెలంగాణలో యాట కూరకి ఎముక ఎక్కువ ఉండేలా కొట్టించుకుంటారు చూడండి, ఆ పులుసు రుచి ఊరికే రాదు.

ఇక విజిల్స్ లెక్క వదిలేయండి. పెద్ద మంట మీద ఎనిమిది విజిల్స్ పది నిమిషాల్లో వచ్చేస్తాయి, సన్న సెగ మీద రెండు రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది, మరి ఆ అంకెతో ఏం తెలుస్తుంది? మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోండి. లేత మాంసానికి పదిహేను ఇరవై నిమిషాలు, ముదురుదైతే అరగంట. ఆపాక ఆవిరి దానంతటదే దిగనివ్వండి. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తే లోపల ఒక్కసారిగా మరుగు లేచి ముక్కలోని తేమ పోతుంది, చుట్టాలు హాల్లో కూర్చున్నా సరే ఆ పని చేయొద్దు.

బొప్పాయి వేయొచ్చు, కానీ కుక్కర్ కూరకి అవసరం లేదు. కబాబ్‌కో వేపుడుకో అయితే పచ్చికాయ గుజ్జు కిలోకి ఒక పెద్ద చెంచాడు, గంటకు మించకుండా. అందులో మాంసాన్ని మెత్తబరిచే పపైన్ అనే ఎంజైమ్ ముక్క పైపైనే పని చేస్తుంది, రాత్రంతా ఉంచితే పైన పిండిలా అయిపోయి లోపల ఎప్పటిలాగే ఉంటుంది. గోంగూర మటన్ చేసేటప్పుడు గోంగూరను విడిగా మగ్గించి ముక్క పూర్తిగా ఉడికాకే కలపండి, పులుపు ఎంత కావాలో అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో రూమ్‌లో ఉంటున్నాను. రోజూ గుడ్లే నాకు ఆధారం. ఉడికించాక పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడొచ్చేస్తోంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా కూడా ఉంటోంది, తినొచ్చా? – ఒక పాఠకుడు, అమీర్‌పేట

నిశ్చింతగా తిను తమ్ముడూ. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ ఆకుపచ్చ రింగు వస్తుంది, గుడ్డు ఎక్కువసేపు ఉడికిందని దాని అర్థం. దానివల్ల హాని లేదు, కాస్త వాసన వస్తుంది అంతే.

పెంకు విషయానికొస్తే, గుడ్డు మరీ తాజాదైతే తెల్లసొన లోపలి పొరకు అతుక్కుపోతుంది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్న రంధ్రాల నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి ఆ పట్టు సడలుతుంది. కాబట్టి ఇవాళ తెచ్చినవి ఆమ్లెట్‌కి, వారం కిందటివి ఉడికించడానికి. చన్నీళ్లలో వేసి పొయ్యి వెలిగించడం కాదు, ముందు నీళ్లు బాగా మరగనిచ్చి అప్పుడు గుడ్లను గరిటెతో మెల్లగా దించు, ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లైతే పది నిమిషాలు బయట పెట్టి వేయి, లేకపోతే పగులుతాయి. పది పన్నెండు నిమిషాలకి గట్టిగా ఉడుకుతాయి. వెంటనే చల్లటి నీళ్లలో వేసెయ్, ఆ ఆకుపచ్చ రింగు కూడా రాదు. వెడల్పుగా ఉన్న వైపు చిన్న గాలి గది ఉంటుంది, అక్కడ తట్టి నీళ్లలోనే ఒలుచుకో.

కోడిగుడ్డు కూరకి ఉడికిన గుడ్లను నూనెలో వేయించేటప్పుడు నాలుగు గాట్లు తప్పకుండా పెట్టు. లోపల ఆవిరికి దారి లేకపోతే గుడ్డు పేలి కాగిన నూనె ముఖం మీద పడుతుంది.

మా అమ్మాయి చికెన్ కడగొద్దంటుంది, సింక్ అంతా క్రిములు పడతాయట. నాకేమో పసుపేసి నాలుగుసార్లు కడగందే మనసొప్పదు. ఎవరిది కరెక్టు? – రాజమండ్రి

అమ్మాయి చెప్పింది నిజమే. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి జబ్బు చేసే క్రిములు ఉంటాయి, కుళాయి ధార కింద పెడితే ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడతాయి. క్రిముల్ని చంపేది కడగడం కాదు, ఉడకడం. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే చాలు, తుకతుక ఉడికే కూర అంతకంటే ఎక్కువ వేడిగానే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి జనం చికెన్ మానేసినప్పుడు కూడా నేను ఇదే చెప్పాను, ఆ వైరస్ 70 డిగ్రీలకు చస్తుంది, లోపలిదాకా ఉడికించి తినండని.

అయితే ప్యాకెట్లో శుభ్రం చేసి వచ్చే కోడి వేరు, మన బజారు కొట్టులో మొద్దు మీద కొట్టిచ్చేది వేరు. దాని మీద ఈకల మొదళ్లు, ఎముక పొడి, నెత్తురు గడ్డలు ఉంటాయి, వాటిని అలాగే వండమని నేను చెప్పలేను. లోతైన గిన్నెలో నీళ్లు నింపి అందులో చేత్తో నెమ్మదిగా శుభ్రం చేసి, ఆ నీళ్లను చిందకుండా వంపేయండి. ఒకటి రెండుసార్లు చాలు. పసుపు నీచువాసనకి పనికొస్తుంది, దాన్నే నమ్ముకోకండి. తర్వాత సింకూ చేతులూ సబ్బుతో కడగాలి. ఉల్లిపాయలు, కొత్తిమీర ముందే తరిగి పెట్టుకుని మాంసం ఆఖర్న ముట్టుకుంటే కత్తి గొడవా ఉండదు.

బ్రౌన్ గుడ్లలో బలం ఎక్కువా? – కరీంనగర్

లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు అది తిన్న మేతను బట్టి వస్తుంది. నాటుకోడి గుడ్డు మీకు రుచిగా అనిపిస్తే కొనుక్కోండి, బలం కోసమని రెట్టింపు ధర పెట్టనక్కర్లేదు.

ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ గోట్ కొంటాం. ఆఫీస్ నుంచి వచ్చి వేడినీళ్లలో వేసి కరిగించి వండుతున్నాను. నీళ్లు ఊరి కూర పల్చగా అవుతోంది. – డాలస్

వేడినీళ్లు వద్దు చెల్లీ. లోపల రాయిలా ఉండగానే పైభాగం గోరువెచ్చబడుతుంది, క్రిములు పెరగడానికి అదే అనువైన వేడి. ముందురోజు రాత్రే ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మరిచిపోతే ప్యాకెట్ విప్పకుండా చన్నీళ్ల గిన్నెలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. కరిగాక ఊరిన నీరంతా వంపేసి ముక్కల్ని పొడిగా తుడవండి, వెడల్పు గిన్నెలో కొంచెం కొంచెంగా ఎర్రగా వేయించండి. ఒకేసారి కుమ్మరిస్తే వేగడం మానేసి సొంత నీళ్లలో ఉడుకుతాయి, ఆ వేగిన రుచి ఇక తర్వాత రమ్మన్నా రాదు. పల్చబడటం గురించి కంగారు వద్దు, ముక్క మెత్తబడ్డాక మూత తీసి మరిగించండి.

మా అమ్మాయికి ఐదో నెల. రక్తం తక్కువుందన్నారు. వారానికి నాలుగుసార్లు మేక కార్జం పెడుతున్నాను, మంచిదే కదా? – నంద్యాల

ఇది మాత్రం వెంటనే ఆపండమ్మా. కార్జంలో ఇనుము బాగా ఉన్న మాట నిజమే, కానీ విటమిన్ ఎ కూడా చాలా ఎక్కువ, గర్భిణులకు అది మోతాదు మించితే కడుపులో బిడ్డకు హాని. ఇన్నాళ్లూ పెట్టిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి, ఐరన్ మాత్రలు ఆవిడ రాసినట్టే వాడించండి. మామూలు మటన్, గట్టిగా ఉడికించిన గుడ్డు, ఆకుకూరా పప్పూ పెట్టండి, పప్పులో నిమ్మకాయ పిండితే దానిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ ఇవ్వకండి, కనీసం గంట ఆగాలి.