ఆయాసానికి మందు రాసేవారే కాదు, ఊపిరి నేర్పేవారూ కావాలి

చీమకుర్తి నుంచి ఒక తల్లి రాశారు: "మా ఆయన గ్రానైట్ కటింగ్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేశారు. ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని సిలికోసిస్ వచ్చిందన్నారు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఊపిరితిత్తుల డాక్టరే అవుతానంటోంది. నీట్‌లో సీటు రాకపోతే ఎట్లా? ఇంకో దారి ఉందా?"

ఉందమ్మా. ముందు డాక్టరు దారి లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆపైన నీట్ పీజీ రాసి రెస్పిరేటరీ మెడిసిన్‌లో ఎండీ మూడేళ్లు. ఎక్కడా ఆగకుండా సీట్లు వచ్చినా ఎనిమిదిన్నరేళ్లు. అమ్మాయికి ఓపిక ఉంటే రాయనివ్వండి, ఒక్క ఏడాది లాంగ్ టర్మ్ పెట్టినా తప్పు లేదు. మూడు, నాలుగు మాత్రం వద్దు. ఆ ఏళ్లలో ఇంకో చదువే పూర్తవుతుంది.

ఆ ఇంకో చదువు, రెస్పిరేటరీ థెరపీ గురించే నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నా. మీవారు ప్రెస్ చేసే ఇన్‌హేలర్ వాడుతుంటే, ఈసారి అమ్మాయిని పక్కన కూర్చుని చూడమనండి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక మందు సగం నోట్లోనే ఉండిపోవడం చాలామందిలో జరిగేదే. ముందు గాలి పూర్తిగా వదలాలి. నొక్కుతూనే నెమ్మదిగా లోపలికి లాగాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. ఓపీ నిండా జనం ఉన్న డాక్టరుకు ఇది నేర్పే తీరిక ఎక్కడిది? ఆ పని రెస్పిరేటరీ థెరపిస్టుది. ఊపిరి బలం కొలిచే స్పైరోమీటర్‌లో ఊదించడం, ఆరు నిమిషాలు నడిపించి వేలికి పెట్టిన మిషన్లో ఆక్సిజన్ ఎంత పడిపోయిందో చూడడం, పెదవులు ఈల వేసినట్టు ముడిచి గాలి వదలడం నేర్పడం, ఐసీయూలో వెంటిలేటర్ కనిపెట్టుకుని ఉండడం కూడా వాళ్ల పనే. సిలికోసిస్‌తో గట్టిపడిన ఊపిరితిత్తి మళ్లీ మామూలు కాదు. మిగిలిన ఊపిరితో రోజు ఎలా గడపాలో నేర్పేవాళ్లది చిన్న పని అంటే నేను ఒప్పుకోను.

బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ బైపీసీ వాళ్లకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి సుమారు నాలుగేళ్లు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పారామెడికల్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఇలా డాక్టరు, నర్సు కాకుండా ఉండే వైద్య చదువులకు (అలైడ్ హెల్త్) 2021లో కేంద్రం చట్టమే చేసింది. మొదట్లో జీతం తక్కువే, దాచను. కాలేజీ విషయంలో మాత్రం తొందరపడకండి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఫీజు తక్కువని చేరాడు, మూడో ఏడాది దాకా వెంటిలేటర్ మీద చెయ్యి వెయ్యనే లేదు. సొంత ఆసుపత్రి, నడుస్తున్న ఐసీయూ, ఊదించి చూసే పరీక్ష గది, ఈ మూడూ కళ్లారా చూశాకే డబ్బు కట్టండి.

ఇంకో మాట. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా పట్టుకుంటుంది. మీవారికి దగ్గు ఎక్కువైనా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా వెంటనే కఫం పరీక్ష చేయించండి. ఈసారి ఒంగోలు రిమ్స్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మాయినీ తీసుకెళ్లండి. నాన్న ఏ మిషను మీద ఎన్నేళ్లు చేశారు, రాయి నీళ్లు పెట్టి కోసేవారా, పొడిగానా, మూతికి ఏం కట్టుకునేవారు, అన్నీ అడిగి తననే ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లమనండి. అక్కడ డాక్టరుకు కావలసింది ఆ కాగితమే.